చోడవరంలో పాత స్పీకర్ల బేరం

పాత టీవీ ఇచ్చి కొత్త టీవీ తెచ్చుకున్నంత తేలిక కాదు... పాత స్పీకర్లు ఇచ్చి కొత్తవి తెచ్చుకోవడం. అందులో లెక్క ఉంది, మెలిక ఉంది, కాస్త మనసూ ఉంది!

వినాయక చవితి దగ్గరపడుతోందంటే చోడవరంలో రెండు చోట్ల హడావుడి కనిపిస్తుంది. ఒకటి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి. రెండోది మైక్‌సెట్ల దుకాణాలు. గుడిలో రంగులూ పందిళ్లూ. దుకాణాల్లో స్క్రూడ్రైవర్లూ, సోల్డరింగ్ వాసనా. మూల పడి ఉన్న సౌండ్ బాక్సుల్ని బయటికి లాగి, దుమ్ము దులిపి, 'హలో... మైక్ టెస్టింగ్... వన్ టూ త్రీ' అంటూ పరీక్షిస్తారు. ఏ పెట్టె ఇంకో పండగ లాగుతుందో, ఏది లాగలేదో సరిగ్గా అప్పుడే తేలుతుంది.

లాగలేని పెట్టెను ఏం చేయాలి? బాగు చేయించాలా, అటక మీదకు ఎక్కించాలా, లేక 'ఎక్స్ఛేంజి'లో ఇచ్చేసి పెద్దది తెచ్చుకోవాలా? మైక్‌సెట్ యజమానికే కాదు, ఇంట్లో ముచ్చటపడి ఖరీదైన స్పీకర్లు కొనుక్కున్న ప్రతి పాటలపిచ్చి మనిషికీ ఏదో ఒకరోజు ఎదురయ్యే ప్రశ్నే ఇది.

దారి మధ్యలో ఊరు

చోడవరం విశాఖపట్నానికి సుమారు యాభై కిలోమీటర్ల దూరం. అనకాపల్లి నుంచి అయితే ఇరవై కిలోమీటర్లు. దశాబ్దాల పాటు విశాఖ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ 4న కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా 'మాది వైజాగ్ దగ్గర' అని చెప్పే అలవాటు మాత్రం అంత తొందరగా పోదు. చోడవరం పేరు చెప్పగానే చుట్టుపక్కలవారికి గుర్తొచ్చేవి రెండు... వినాయకుడు, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ. ఇక్కడి విఘ్నేశ్వరుడు నడుము పైభాగం వరకే కనిపిస్తాడనీ, మిగతాది భూమిలోనే ఉందనీ స్థానికులు చెబుతారు.

ఇంకో సంగతుంది. మైదానం నుంచి మన్యానికి వెళ్లే దారి ఈ ఊరి మీదుగానే పోతుంది. వడ్డాది దాటి, హల్వాకు పేరుపడ్డ మాడుగుల వైపు మళ్లి, ఘాట్ ఎక్కితే పాడేరు. సంతకు వెళ్లే సామానైనా, పెళ్లికి వెళ్లే సామానైనా చోడవరంలో ఒకసారి ఆగాల్సిందే. పాత స్పీకర్ల ప్రయాణానికీ దారి ఇదే. పట్నంలో పాతబడిన పెట్టె చిన్న ఊరికి కొత్తది. చిన్న ఊళ్లో పాతబడితే కొండ మీద పల్లెకు కొత్తది. ఎక్స్ఛేంజి వ్యాపారం నడిచేది ఈ మెట్ల మీదే. పై మెట్టు మీదున్నవాడు 'పనికిరాదు' అన్నదాన్ని కింది మెట్టు మీదున్నవాడు కళ్లకద్దుకుని తీసుకుంటాడు.

గొట్టం నుంచి గోడదాకా

ఒకప్పుడు మైక్‌సెట్ అంటే ఒక ఆంప్లిఫయరు, ఒక రికార్డు ప్లేయరు, రెండు గొట్టాలు. వేపచెట్టు కొమ్మకో, వెదురు బొంగుకో గొట్టం కడితే మూడూళ్లకు వినిపించేది. పెళ్లింట్లో పందిరి కంటే ముందు మైకు రావాలి. అది మోగితేనే పెళ్లి మొదలైనట్టు! 1940లో మొదలైన ఢిల్లీ కంపెనీ అహూజా పేరు మన పల్లెల్లో మైకుకు మారుపేరైపోయింది.

ఆ గొట్టంలో ఒక కిటుకు ఉంది. అప్పటి ఆంప్లిఫయర్ల శక్తి తక్కువ. ఉన్న కాస్త కరెంటుతోనే దూరంగా వినిపించాలి. గొట్టం ఆకారం ఆ పని చేసిపెట్టేది. అందుకే ముప్ఫై వాట్ల ఆంప్లిఫయరు తీర్థం మొత్తానికీ సరిపోయేది. మాట స్పష్టంగా వినిపించేది కానీ డప్పు దెబ్బలోని బరువు మాత్రం వచ్చేది కాదు.

తరవాత క్యాసెట్లు, సీడీలు, పెన్‌డ్రైవులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటితోపాటే గొట్టాల పక్కన పెట్టెలు, పెట్టెల కింద 'బాస్' డబ్బాలు చేరాయి. పెద్ద సభల్లో ఒకదాని కింద ఒకటి వేలాడుతూ కనిపించే స్పీకర్ల వరస ఉంటుందే, దాన్ని 'లైన్ ఎరే' అంటారు. ఆ పద్ధతికి ఇప్పటి రూపం తెచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన ఎల్-ఎకౌస్టిక్స్. 1990ల మొదట్లో వి-డాస్క్ పేరుతో వచ్చిన ఆ సరంజామా ప్రపంచమంతా పాకింది. ఈమధ్య మన జాతర్లలోనూ దాని పోలికలున్న పెట్టెలు వేలాడుతున్నాయి. ఒక ఊరివాళ్లు కొత్తరకం బాక్సులు తెస్తే పక్కూరి కమిటీ కుర్రాళ్లు ఊరుకుంటారా? 'అలాటివే కావాలి' అని అడుగుతారు. దాంతో మైక్‌సెట్ యజమాని పాతవాటిని ఎక్కడో ఒకచోట వదిలించుకోక తప్పదు.

మాస్టారి జత

ఇంట్లో వినే స్పీకర్ల కథ కాస్త వేరు. అక్కడ తొందరపెట్టే కమిటీ ఉండదు. తొందరపెట్టేది పిల్లలే!

చోడవరంలో ఒక రిటైరైన మాస్టారు ఉన్నారనుకుందాం. 1980ల్లో అరియర్స్ డబ్బు చేతికొస్తే, అందరూ ఫ్రిజ్ కొంటున్న రోజుల్లో ఆయన విశాఖ వెళ్లి పెద్ద స్పీకర్ల జత తెచ్చుకున్నారు. దిగుమతి సరుకు దొరకడం కష్టమైన కాలమది. 1970లో కోల్‌కతాలో మొదలైన సోనోడైన్ లాంటి దేశీ కంపెనీలే పాటల ప్రియులకు దిక్కు. బస్సు టాపు మీద గోనెసంచులు చుట్టి తెచ్చిన ఆ జత ముందు కూర్చుని ఆయన త్యాగరాజ కీర్తనలు విన్నారు, ఘంటసాలను విన్నారు. పెళ్లయి వెళ్లేదాకా అమ్మాయి కూడా అక్కడే కూర్చుని పాటలు నేర్చుకుంది.

ఇప్పుడు ఆ అమ్మాయే అంటోంది... "నాన్నా, సగం హాలు ఇవే ఉన్నాయి. ఇచ్చేసి సన్నగా ఉండేవి తీసుకుందాం" అని. పైగా ఒక పెట్టెలోంచి 'గరగర' శబ్దం కూడా మొదలైంది. మాస్టారు దుకాణానికి కబురు చేశారు. కుర్రాడు వచ్చి, తట్టి, వంగి చూసి తల గోక్కున్నాడు.

"ఈ మోడల్ ఇప్పుడు ఎవులూ అడగట్లేదు మాస్టారూ. స్పాంజి కూడా పోనాది. రెండూ కలిపి మూడు వేలు చేస్తాను."

"మూడు వేలేటయ్యా! పెట్టెల చెక్కకే అంతవుతుంది కదా?"

"చెక్క మాకెందుకండి బాబూ..."

మాస్టారికి కోపం రాలేదు కానీ, మనసు చివుక్కుమంది. ఇంతకీ కుర్రాడి మాట నిజమేనా? అది తెలియాలంటే పెట్టెలోకి తొంగి చూడాలి.

పెట్టెలో ఏముంది?

స్పీకరు గుండెకాయ మూడే వస్తువులు. వెనక అయస్కాంతం. దాని సందులో కదిలే సన్నటి తీగచుట్ట... అదే కాయిల్. ఆ చుట్టకు అతికించిన కాగితపు గరాటు, కోన్. పాట కరెంటుగా మారి కాయిల్‌లోకి రాగానే అది ముందుకూ వెనక్కీ ఊగుతుంది. దాంతోపాటే కోన్ ఊగి గాలిని కదిలిస్తుంది. అదే మనకు వినిపించే పాట.

కోన్ అంచును పెట్టె చట్రానికి పట్టి ఉంచే మెత్తటి పట్టీ ఒకటి ఉంటుంది. మనవాళ్లు 'స్పాంజి' అనేది దాన్నే. 1970ల నుంచి ఇళ్లలో వాడే మంచి స్పీకర్లు చాలావాటికి ఈ పట్టీని ఫోమ్‌తో చేసేవారు. మెత్తగా ఉండి బాస్ లోతుగా పలికేది. కానీ గాలిలోని తేమ ఫోమ్‌ను మెల్లగా తినేస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్లకు వేలితో తాకితే పొడిపొడిగా రాలిపోతుంది. వాడకుండా దాచిపెట్టినా అంతే! సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ఇంకాస్త ముందే పోతుంది. రబ్బరు పట్టీలైతే ఎక్కువకాలం ఉంటాయి.

ఇక్కడో తమాషా ఉంది. ఎండావానల్లో నలిగే మైక్‌సెట్ స్పీకర్లకు ఈ జబ్బు తక్కువ. వాటి అంచులు ఎక్కువగా మందు పూసిన గుడ్డతోనో, ముడతలు పెట్టిన కాగితంతోనో ఉంటాయి. అందుకే దుప్పటి కప్పి అపురూపంగా చూసుకున్న ఇంటి స్పీకరు మూగబోయినా, లారీల్లో కుదుపులు తిన్న పెళ్లిళ్ల స్పీకరు ఇంకా మోగుతూ ఉంటుంది.

అసలు సంగతేమిటంటే, పట్టీ పోయినంత మాత్రాన స్పీకరు పోయినట్టు కాదు. అయస్కాంతం, కాయిల్, కోన్ బాగుంటే పట్టీ ఒక్కటీ మార్చొచ్చు. చేతి పనితనం తెలిసినవాళ్లకు ఒక పూట పని. దుకాణం కుర్రాడు చూసింది పట్టీనే. దాన్ని చూపించి పెట్టె ధర తగ్గించాడు. రేపు దాన్ని మార్చి, జతను రెట్టింపు పైన అమ్ముకోవచ్చు. అందులో తప్పేమీ లేదు, అది అతని బతుకుతెరువు. కానీ ఆ సంగతి ఇచ్చేవారికీ తెలిసి ఉండాలి.

ఇచ్చే ముందు ఇంట్లోనే పరీక్ష

దుకాణానికి వెళ్లకముందే ఎవరైనా చేసుకోగల పరీక్షలు కొన్ని ఉన్నాయి.

మొదటిది చేతి పరీక్ష. నాలుగు వేళ్లూ కోన్ మీద సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కాలి. మెత్తగా వెళ్లి వస్తే మంచిదే. 'గరగర' అని రాసుకుంటే కాయిల్ పక్కకు జరిగిందనో, కాలిందనో అర్థం.

రెండోది బ్యాటరీ పరీక్ష. పెట్టెకు ఉన్న తీగలు తీసేసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించాలి. 'టిక్' మని కోన్ కదిలితే కాయిల్ బతికే ఉన్నట్టు.

మూడోది మీటరు పరీక్ష. ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకు మామూలు మల్టీమీటరు పెడితే అయిదున్నర నుంచి ఏడు మధ్యలో చూపిస్తుంది. అంకె ఎనిమిదికి తగ్గిందని కంగారు పడక్కర్లేదు, అది సహజమే. అసలు అంకే రాకపోతే మాత్రం కాయిల్ తెగినట్టే.

ఇక కళ్లతో చూడాల్సినవి. చెక్కపొడితో చేసిన పెట్టె అయితే అడుగున తేమకు ఉబ్బిందా? చెద పట్టిందా? ఎలుకలు కోన్ కొరికాయా? కందిరీగలు గొట్టంలో మట్టి గూడు కట్టాయా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని ఊడ్చేసినప్పుడు ఇళ్లలోకీ దుకాణాల్లోకీ వాన కొట్టింది. అలాంటి తడి తగిలిన పెట్టె పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఇనుము తుప్పు పట్టి, కాయిల్ కదిలే సందు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

ఇంకొక్క మాట. స్పీకర్లు రామలక్ష్మణుల్లాంటివి. జతగా ఉంటేనే విలువ. ఒకటి పోయి ఒకటి మిగిలితే సగం ధర కూడా రాదు. రెండింటి సీరియల్ నంబర్లూ కలిస్తే, పాత బిల్లూ ముందు బిగించే గుడ్డ చట్రాలూ ఉంటే ధర పెరుగుతుంది. ఒరిజినల్ కోన్ తీసేసి దొరికినదేదో వేయిస్తే మోగుతుంది కానీ, ఖరీదైన మోడల్ అయితే విలువ పడిపోతుంది.

'ఎక్స్ఛేంజి' లెక్క

పాతది ఇచ్చి కొత్తది తీసుకునే బేరంలో చాలామంది పప్పులో కాలేసేది ఒకేచోట. పాతదానికి ఎంతిస్తారన్నదే అడుగుతారు, కొత్తదాని అసలు ధర అడగరు!

లెక్క కోసం చూద్దాం. కొత్త జత అరవై అయిదు వేలు అన్నారు. పాతదానికి ఎనిమిది వేలు తగ్గిస్తామన్నారు. యాభై ఏడు వేలు కట్టి, లాభపడ్డామని ఇంటికొచ్చాం. పక్కింటాయన పాతదేమీ ఇవ్వకుండా, చేతిలో డబ్బు పెట్టి అదే జతను అరవై వేలకు తెచ్చుకున్నాడు. అంటే మన పాత జతకు నిజంగా వచ్చింది మూడు వేలే. మిగతా అయిదు వేలూ మన జేబులోంచి తీసి మనకే ఇచ్చారన్నమాట!

అందుకే ముందు 'పాతదేమీ లేకుండా రొక్కానికి ఎంత?' అని అడగాలి. ఆ అంకె కాగితం మీద రాయించుకున్నాక పాతదాని ఊసెత్తాలి. 2017లో జీఎస్టీ వచ్చాక ఈ తేడా నిబంధనల్లోకీ ఎక్కింది. పాత ఫోను తీసుకుని కొత్త ఫోనును 20,000 రూపాయలకు ఇచ్చినా, ఎక్స్ఛేంజి లేకుండా దాని ధర 24,000 అయితే పన్ను లెక్కకు 24,000నే విలువగా తీసుకోవాలని ఆ నిబంధనల్లోనే ఉదాహరణ ఇచ్చారు. ప్రభుత్వం వేసుకునే లెక్క మనమూ వేసుకుంటే నష్టమేముంది?

వాట్ల మాయ కూడా చూసుకోవాలి. శక్తి రెట్టింపు చేసినా శబ్దం పెరిగేది మూడు డెసిబెళ్లే. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే సుమారు పదింతలు శక్తి కావాలి. ఒకప్పుడు చిన్న టేప్‌రికార్డర్ల మీద కూడా 'పీఎంపీఓ' అంటూ వేల వాట్ల అంకెలు అచ్చేసేవారు. ఆ అంకె చూసి బరువైన పాత జతను ఇచ్చేసిన ఇళ్లు కొన్నాళ్లకు 'పాతదే బాగుండేది' అని నాలుక కరుచుకోవడం మామూలే.

అక్కడ పాత సామాను... ఇక్కడ నిధి

పాత స్పీకర్ల విలువ పసిగట్టడంలో జపాన్‌వాళ్లను చెప్పుకోవాలి. అమెరికాలో 1940ల మధ్యలో ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ సినిమాహాళ్ల కోసం 'వాయిస్ ఆఫ్ ద థియేటర్' పేరుతో భారీ స్పీకర్లు తెచ్చింది. అంతకుముందు వెస్టర్న్ ఎలక్ట్రిక్ గొట్టాలు రాజ్యమేలాయి. హాళ్లు కొత్త సరంజామాకు మారినప్పుడు అవన్నీ తెర వెనక దుమ్ములో పడ్డాయి. జపాన్ పాటల ప్రియులు వెతికి వెతికి కొని, ఓడల్లో తీసుకెళ్లారు. ఇవాళ వాటిలో మంచి స్థితిలో ఉన్నవాటి ధర సామాన్యుడు అందుకోలేడు.

అయస్కాంతం వెనకా ఒక కథ ఉంది. పాత స్పీకర్లలో కోబాల్ట్ కలిసిన 'ఆల్నికో' అయస్కాంతాలు వాడేవారు. 1970ల చివర్లో ఆఫ్రికాలోని జైర్ దేశంలో గొడవలు చెలరేగి కోబాల్ట్ ధర ఆకాశానికి అంటింది. కంపెనీలన్నీ చవకైన ఫెర్రైట్ వైపు మళ్లాయి. దాంతో 'ఆల్నికో కాలం' పెట్టెలు అపురూపమైపోయాయి. ఎక్కడో గనుల దగ్గర తుపాకులు పేలితే ఇంకెక్కడో పాత స్పీకరు ధర పెరగడమంటే ఇదే!

మన దగ్గరా ఎన్నో సినిమాహాళ్లు మూతపడ్డాయి, ఫంక్షన్ హాళ్లుగా మారాయి. వాటి తెరల వెనక ఉన్న పాత పెట్టెల్లో తూకానికి పోయినవెన్నో!

గట్టిగా కాదు... బాగా

కొత్తది కొనే తొందరలో మరిచిపోకూడనిది ఇంకొకటుంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్ స్పీకర్లు మోగించకూడదు. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. పండగల వేళ కొన్ని సడలింపులు ఉన్నా, డీజే బాక్సుల మీద పోలీసుల ఆంక్షలు మామూలైపోయాయి. అప్పుచేసి పెద్ద సెట్టు తెచ్చిన మైక్‌సెట్ యజమానికి ఇది కడుపు మీద దెబ్బే. గోడలా పేర్చిన బాక్సులు షెడ్డులో పడుకుంటే, రెండు గొట్టాలూ నాలుగు చిన్న పెట్టెలూ అద్దెలు తెచ్చిపెడతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు కొత్తవి ఎన్ని తెచ్చినా ఒక పాత జతను మాత్రం ఎక్స్ఛేంజిలో ఇవ్వరు. హరికథకో, భజనకో, అయ్యప్ప పూజకో మాట స్పష్టంగా వినిపించాలి కదా!

మళ్లీ మన మాస్టారి దగ్గరికి వద్దాం. ఆయన మూడు వేలకు ఒప్పుకోలేదు. అలాగని మొండికేసి హాల్లోనే ఉంచుకోలేదు. బ్యాటరీ తాకించి చూశారు. రెండు కోన్లూ 'టిక్' మన్నాయి. వేళ్లతో నొక్కితే మెత్తగా వెళ్లి వచ్చాయి. గరగర అంతా చిరిగిన పట్టీదేనన్నమాట! పట్టీలు మార్పించారు. ఆ ఖర్చు పోను మంచి ధరకే బేరం కుదిరింది. కొన్నది దుకాణం కాదు, పాడేరు దారిలో ఒక చిన్న ఊరి భజన మండలి.

ఆటో ఎక్కించే ముందు అమ్మాయి అడిగింది, "నాన్నా, ఒక్క పాట పెట్టనా?" అని. గరగర లేకుండా, లోతుగా, పాతికేళ్ల కింద విన్నట్టే పలికింది. పాట అయ్యేదాకా భజన మండలి కుర్రాళ్లు గుమ్మంలోనే నిలబడ్డారు. ఆటో కదులుతుంటే మాస్టారు వాళ్లకు చెప్పింది ఒకటే మాట...

"తడి తగలనీకండి బాబూ. మరేం చేసినా పర్లేదు, మోగనివ్వండి!"